ఆఫీసు గోడ మీద మ్యూరల్: గోడ చూసుకోవడం నుంచి అప్పగించేదాకా

తిరుపతి, చిత్తూరు నుంచి ఈమధ్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "మా ఆఫీసు హాల్లో గోడ ఇస్తామంటున్నారు, మ్యూరల్ ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవాళ్లలో ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలున్నారు, ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయిన బోర్డు ఆర్టిస్టులున్నారు, తమ ఆఫీసును కాస్త బాగుచేసుకుందామనుకునే ఉద్యోగులూ ఉన్నారు. అందరూ ముందు డిజైన్ గురించి, రంగుల గురించి అడుగుతారు. నేను గోడ గురించి అడుగుతాను. ఆఫీసు మ్యూరల్ పాడైన చోట తప్పు చాలావరకు కుంచెది కాదు. గోడలో చెమ్మ ఉంటుంది, లేదా గోడ ముందు కుర్చీలు వేసి ఉంటారు, లేదా ఎవరూ ఒక కాగితం రాసుకుని ఉండరు.

ఇక్కడ చెప్పేది మున్సిపల్ ఆఫీసు, కలెక్టరేట్, రిజిస్ట్రార్ ఆఫీసు, గ్రంథాలయం లాంటి భవనాల లోపలి గోడలకు. ఎండా వానా పడే ప్రహరీ గోడ పని వేరు.

1. ముందు ఆ హాల్లో ఒక పూట కూర్చోండి

టేపు తీసే ముందు ఆఫీసు నడిచే వేళలో వెళ్లి కూర్చోండి. వీలైతే సోమవారం వెళ్లండి. గ్రీవెన్స్ రోజున అర్జీలు పట్టుకుని వచ్చిన జనంతో హాలు నిండిపోతుంది. గోడను జనం ఎలా వాడుకుంటారో ఆ రోజే తెలుస్తుంది.

క్యూ ఎటు తిరుగుతుందో, కుర్చీల వీపులు గోడకు ఎక్కడ రాసుకుంటున్నాయో చూడండి. పాత గోడ అయితే నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తులో గుండ్రటి మరకలు వరసగా కనిపిస్తాయి. గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ల తలనూనె అది. దానికి కాస్త పైన చేతి మరకలుంటాయి. మూలల్లో కిళ్లీ ఉమ్ములుంటాయి.

అందుకే కింది 4 అడుగుల్లో బొమ్మ పెట్టొద్దు. అక్కడ టైల్స్ గానీ, కడగడానికి వీలైన ముదురు రంగు పట్టీ గానీ వేయించండి. బొమ్మలో ముఖ్యమైనదంతా 6 నుంచి 9 అడుగుల మధ్య ఉండాలి. అప్పుడే హాలు నిండా జనం నిలబడినా వాళ్ల తలల మీదుగా కనిపిస్తుంది. గంటలకొద్దీ తమ పిలుపు కోసం ఎదురుచూసేవాళ్లే ఈ బొమ్మను ఎక్కువసేపు చూస్తారు. ఏ నిర్ణయమైనా వాళ్లు కూర్చునే చోట నిలబడి తీసుకోండి.

రాసుకోవాల్సినవి:

- స్విచ్‌బోర్డులు, ఏసీ పైపులు, నోటీసు బోర్డు ఎక్కడున్నాయి
- కిటికీ వెలుతురు ఏ వేళకు గోడ మీద పడుతుంది
- గోడ వెనకా పైనా ఏముంది: బాత్రూమా, నీళ్ల ట్యాంకా, వాన గొట్టమా
- చూసేవాడు ఎంత దూరం వెనక్కి వెళ్లగలడు

2. గోడ పరీక్ష

దీనికి వారం పట్టినా తొందరపడకండి.

*చెమ్మ.* అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు పారదర్శక ప్లాస్టిక్ షీట్ తీసుకుని నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో గోడకు అంటించండి. రాత్రంతా ఉంచి, కనీసం 16 గంటల తరవాత చూడండి. షీటు లోపలి వైపు నీటి బొట్లు ఉంటే, లేదా దాని కింద గోడ నల్లబడితే, చెమ్మ గోడలోంచే వస్తోంది. ఒక్క చోట కాదు, కింద, మధ్యలో, పైన మూడు చోట్ల అంటించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనవైపు గట్టిగా పడతాయి కాబట్టి, ఈ పరీక్ష ఆ నెలల్లో చేస్తే గోడ అసలు సంగతి బయటపడుతుంది. మే నెలలో ప్రతి గోడా పొడిగానే ఉంటుంది.

*ఉప్పు.* గోడ కింది భాగంలో తెల్లటి పొడి పూస్తుంటే అది సిమెంటు, ఇటుకల్లోని ఉప్పు. చెమ్మతో పాటు పైకి వచ్చి, నీరు ఆరాక పొడిగా మిగులుతుంది. దాన్ని తడిగుడ్డతో తుడవకండి. ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, ఆ పొడిని చేటలో పట్టి బయట పారేయండి. రెండు వారాల తరవాత మళ్లీ పూసిందంటే నీరు ఇంకా వస్తున్నట్టే.

నీరు ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టి ఆపకుండా, పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. వెనక నుంచి వచ్చే నీరు ఆ పొరను తోసుకుని బయటికొస్తుంది. బొమ్మ బుడగలు తేలి పెచ్చులుగా ఊడుతుంది.

*డొల్ల.* రూపాయి బిళ్లతో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట ఒక శబ్దం, ప్లాస్టరింగ్ వదిలేసిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్న మేరా చాక్‌తో గుర్తుపెట్టి, తాపీమేస్త్రితో కొట్టించి కొత్తగా పూయించండి. కొత్త పూతను నీళ్లు పట్టించి 28 రోజులు వదిలేయాలి. అంతకు ముందే రంగు వేస్తే సిమెంటులోని క్షారం కొన్ని రంగులను తినేస్తుంది.

*పాత రంగు.* అరచేయి తడిచేసి గోడకు రుద్దండి. చేతికి తెల్లగా అంటితే అది సున్నమో డిస్టెంపరో. దాని మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా పొరతో సహా ఊడిపోతుంది. గోకి ప్లాస్టరింగ్ దాకా వెళ్లాల్సిందే. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే ప్లాస్టిక్ పెయింట్) అయితే బ్లేడుతో చిన్న చిన్న అడ్డగీతలు నిలువుగీతలు గీసి, సెల్లోటేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగండి. పాత రంగు టేపుకు వచ్చిందా, దాన్నీ తీసేయాలి.

పాత ఆయిల్ పెయింట్ ఉన్న గోడను పొడిగా ఎమెరీ పేపర్ కొట్టొద్దు. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2016లో గానీ రాలేదు. అంతకుముందు వేసిన పొరల్లో సీసం ఉండొచ్చు. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, హాల్లో జనం లేనప్పుడు చేయండి.

చెమ్మ ఆపడానికి వీల్లేదని తేలితే గోడ మీద వేయకండి. సిమెంట్ ఫైబర్ బోర్డు పలకల మీద వేసి, గోడకు ఒక అంగుళం ఎడం ఉండేలా ఇనుప ఫ్రేముకు బిగించండి. అద్దె భవనమైనా, రేపో మాపో కొత్త భవనానికి మారే ఆఫీసైనా ఇదే దారి. పలకలైతే విప్పి పట్టుకెళ్లొచ్చు.

3. కాగితం మీద రాసుకోండి

"సార్ సరే అన్నారు" అన్నది అనుమతి కాదు. ఆ సారు బదిలీ మీద వెళ్తే కొత్త సారు గోడకు సున్నం కొట్టించమనొచ్చు. భవనం ఏ శాఖదైతే ఆ శాఖ నుంచి రాతపూర్వక ఉత్తర్వు తీసుకోండి. భవనాన్ని చూసుకునే ఇంజనీరింగ్ విభాగం సంతకం కూడా ఉండాలి. రంగుల ప్రింటవుట్ మీద కూడా అధికారి సంతకం, తేదీ వేయించుకోండి. సగం పనయ్యాక "ఆ పక్షి వద్దు, ఇంకోటి పెట్టండి" అని ఎవరైనా వస్తే చూపించడానికి అదే పనికొస్తుంది.

ఒక తీర్పు గురించి మీకు తెలిసి ఉండాలి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ను 1979లో ఆయన అనుమతి లేకుండా ఊడదీసి గోడౌన్లో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల నష్టపరిహారం కట్టాలని చెప్పింది. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కళాకారుడికి ఇచ్చే హక్కు అది. తన పనిని పాడుచేసి తన పేరు చెడగొడితే అడగొచ్చు. ప్రభుత్వం చేయించిన పనికి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, కాపీరైట్ ప్రభుత్వానిదే అవుతుంది. ఈ 57వ సెక్షన్ హక్కు మాత్రం కళాకారుడి దగ్గరే ఉంటుంది.

ఒప్పందంలో ఉండాల్సినవి:

- గోడ కొలత, సామాను, డబ్బు ఎన్ని విడతల్లో ఇస్తారు
- చెమ్మ, ప్లాస్టరింగ్ మరమ్మతు ఎవరి ఖర్చు (ఆఫీసుదే అని రాయించండి)
- పరంజా, కరెంటు, సామాను పెట్టుకునే గది ఎవరిస్తారు
- కాపీరైట్ ఎవరిది, ఫొటోలు ఎవరు వాడుకోవచ్చు
- తీసేయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి
- పనిచేసిన అందరి పేర్లూ గోడ మీద ఉంటాయి

4. ఏం వేయాలి, ఏం వద్దు

తిరుపతిలో గోడ అనగానే మొదట వచ్చే ఆలోచన దేవుడు. ఆఫీసు హాల్లో వద్దని నా గట్టి అభిప్రాయం. చేతికందే ఎత్తులో దేవుడి బొమ్మ ఉంటే జనం ఊరుకోరు, ఊరుకోవాలని అనుకోవడం కూడా తప్పే. బొట్టు పెడతారు, అగరొత్తి గుచ్చుతారు. కుంకుమ మరక పోదు, పొగమసి పట్టేస్తుంది. ఆ పక్కనే చెప్పులు, ఉమ్ములు. పైగా ఆ హాలు అన్ని మతాలవాళ్లూ అర్జీ పట్టుకుని వచ్చే చోటు.

నాయకుల ముఖాలు, పార్టీ రంగులు అసలే వద్దు. మన రాష్ట్రంలో పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగులు తీసేయాలని 2020లో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు సమర్థించింది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే అలాంటి బొమ్మలకు ముసుగు వేస్తారు. ముసుగు కోసం కొట్టే మేకులు, టేపు మీ గోడను పాడుచేస్తాయి.

శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో వేద్దామని చాలామంది అంటారు. మంచి ఆలోచనే, కానీ చీర మీది బొమ్మను ప్రొజెక్టర్‌తో పెద్దది చేసి దించేయకండి. ఆ గీత బట్టను చేతిలో పట్టుకుని చూసే దూరానికి పుట్టింది. గోడకెక్కితే సన్నటి నింపుళ్లన్నీ కలిసిపోయి బూడిద మచ్చలా కనిపిస్తాయి. గీత లావు పెంచండి, నింపుళ్లు సగానికి సగం తగ్గించండి, ఖాళీ వదలండి. ఇంకా మంచిది, కలంకారీ చేసేవాళ్లనే జట్టులోకి తీసుకుని, డిజైన్ దశ నుంచే డబ్బిచ్చి పనిచేయించుకోవడం.

శేషాచలం అడవి వేస్తే ఎర్రచందనం చెట్టును సరిగ్గా చూసి వేయండి. చాలా బొమ్మల్లో మాను మొత్తం ఎర్రగా ఉంటుంది. ఎరుపు లోపలి చేవలో ఉంటుంది. బయటి బెరడు నల్లటి గోధుమ రంగు, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఆకు సాధారణంగా మూడు రేకులు, పూలు పసుపు, కాయ గుండ్రంగా పలచటి రెక్కతో ఉంటుంది. హాల్లో కూర్చున్న వాళ్లలో ఆ చెట్టును రోజూ చూసేవాళ్లుంటారు. వాళ్లు తప్పు పట్టకూడదు.

5. అంగుళానికి అడుగు

డిజైన్‌ను అంగుళానికి అడుగు లెక్కన గీయండి. 20 అడుగుల గోడకు 20 అంగుళాల కాగితం. ఈ కొలతకు ఒక సుళువుంది. కాగితాన్ని కంటికి ఒక అడుగు దూరంలో పట్టుకుంటే, గోడను 12 అడుగుల దూరం నుంచి చూసినట్టే ఉంటుంది. అక్కడ తెలియని గీత గోడ మీదా తెలియదు. దాన్ని తీసేయండి, లేదా లావు చేయండి.

కాగితం మీదే స్విచ్‌బోర్డు, తలుపు చట్రం గుర్తుపెట్టండి. మనిషి ముఖం మీద స్విచ్‌బోర్డు పడకుండా అప్పుడే జరుపుకోవచ్చు. తరవాత ఫోన్‌లో ఫొటో తీసి నలుపుతెలుపు చేసి చూడండి. రంగు తీసేస్తే బొమ్మ అర్థం కాకుండా పోతే వెలుగునీడలు సరిగ్గా లేవు.

6. సామాను, రోజులు

కింది 4 అడుగులు వదిలేసి, 20 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు బొమ్మ అనుకుందాం. 120 చదరపు అడుగులు. ఒక కోటు ప్రైమర్‌కు లీటరున్నర, బొమ్మ కింద పరిచే బేస్ రంగు రెండు పూతలకు రెండున్నర లీటర్లు సుమారుగా సరిపోతాయి. గోడ పీల్చుకునే దాన్నిబట్టి మారుతుంది, డబ్బా మీది లెక్క కూడా చూసుకోండి.

బేస్‌కు మంచి రకం అక్రిలిక్ ఎమల్షన్ తీసుకోండి. లోపలి గోడే అయినా నేను బయటి గోడల రకమే వాడతాను, పొర గట్టిగా ఉంటుంది. రంగుల్లో రెడ్ ఆక్సైడ్, యెల్లో ఆక్సైడ్ లాంటి ఇనుప రంగులు వెలుతురుకు వెలిసిపోవు. తిరుమల కొండ చరియల రంగు దాదాపు వీటితోనే కలుస్తుంది. మెరిసే గులాబీ, ఫ్లోరసెంట్ రంగులు కిటికీ ఎదుటి గోడకు వాడకండి, ముందు పోయేవి అవే.

రంగులో కలపడానికి ఉప్పు బోరు నీళ్లు వద్దు. తాగే నీళ్ల క్యాన్ తెప్పించుకోండి.

పనికి జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. ఏప్రిల్, మేలలో చేయాల్సివస్తే పొద్దున్నే మొదలుపెట్టండి, ఎండకు వేడెక్కిన గోడ మీద రంగు కుంచె జరిపేలోపే ఆరిపోతుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో పని పెట్టుకోకండి. గదులు దొరకవు, ఆఫీసువాళ్లకు డ్యూటీలు పడతాయి. సోమవారం పరంజా పక్కకు తీసేయాలి.

7. గోడ తయారీ

గోకడం, కడగడం, ఆరబెట్టడం అయ్యాక గుంటలకు లప్పం పట్టండి. మొత్తం గోడకు నున్నగా మెరిసేలా లప్పం పట్టొద్దు. కాస్త గరుకు ఉంటేనే రంగు పట్టుకుంటుంది. లప్పం ఎప్పుడూ పలచగా, ఒక్కో కోటు ఆరాక ఇంకోటి. మందంగా ఒకేసారి పడితే పగులుతుంది.

ఎమెరీ పేపర్ కొట్టాక దుమ్ము పూర్తిగా తుడవండి. కొత్త ప్లాస్టరింగ్ ఉంటే క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేయండి. దాని మీద బేస్ రెండు కోట్లు, మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం. బేస్ తెల్లగా కాక, లేత కావి రంగో లేత బూడిద రంగో అయితే మీద వేసే రంగుల వెలుగునీడలు సరిగ్గా తెలుస్తాయి.

8. బొమ్మ దించడం

ట్యూబ్ లెవెల్‌తో (మట్టం చూడ్డానికి మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం) ఒక అడ్డగీత తీసుకోండి. నేలనో సీలింగునో నమ్మి కొలవకండి, పాత భవనాల్లో రెండూ వాలుగా ఉంటాయి. ఆ గీత నుంచి చాక్ దారం కొట్టి అడుగు గళ్లు వేయండి. కాగితం మీద అంగుళం గళ్లు ఉంటాయి కదా, గడికి గడి దించుకుంటూ వెళ్లడమే.

ప్రొజెక్టర్ వాడొచ్చు, కానీ ఇరుకు వరండాలో పక్కనుంచి వేస్తే బొమ్మ సాగిపోతుంది. గళ్లు వేసి ఉంటే ఆ సాగుడు వెంటనే తెలుస్తుంది. ఒకే నమూనా చాలాసార్లు వచ్చే అంచులకు బటర్ పేపర్ మీద సూదితో రంధ్రాలు పొడిచి, పలచటి గుడ్డ మూటలో రంగుపొడి పోసి తట్టండి. పది మంది పనిచేసినా అంచు ఒకేలా వస్తుంది.

పెన్సిల్‌తో నల్లగా గీయకండి, లేత రంగుల కింద నుంచి కనిపిస్తుంది. బేస్ రంగులోనే కొద్దిగా ముదురు కలిపి సన్న కుంచెతో గీయండి.

9. రంగులు వేసే వరస

పై నుంచి కిందికి, వెనక నుంచి ముందుకు. ఆకాశం, కొండ, నేల లాంటి పెద్ద పరపులు ముందు. తరవాత చెట్లు, మనుషులు. నల్ల గీత అన్నింటికంటే చివర.

పెద్ద పరపుకు కావాల్సిన రంగంతా ఒకేసారి బకెట్లో కలుపుకోండి. సగంలో అయిపోతే మళ్లీ అదే రంగు కలవదు. రెండు డబ్బాలు కొన్నా, నంబరు ఒకటే అయినా, రెండూ ఒకే బకెట్లో పోసి కలపండి. అలాంటి చోట ఇద్దరు పక్కపక్కన నిలబడి, తడి అంచు ఆరకుండా కలుపుకుంటూ పోవాలి. భోజనానికి వెళ్లేదైతే ఒక ఆకారం అంచు దగ్గర ఆపండి, పరపు మధ్యలో కాదు.

చివరి గీతలకు బోర్డు ఆర్టిస్టును పిలవండి. చెయ్యి ఆనించుకునే కర్ర పట్టుకుని, మూడడుగుల వంపును కుంచె ఎత్తకుండా ఒక్క ఊపులో లాగేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కాలేజీలో నేర్చుకున్నవాళ్లకు ఆ చెయ్యి రావడం కష్టం. వాళ్లకు కూలి లెక్కన కాక, ఆర్టిస్టుకు ఇచ్చేది ఇవ్వండి.

ప్రతి రోజూ చివర్లో 12 అడుగుల వెనక్కి వెళ్లి, కుర్చీలో కూర్చుని చూడండి.

10. పై పూత

రంగు వేశాక కనీసం ఒక వారం ఆగండి. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్దితే రంగు అంటకూడదు. అప్పుడు మెరుపు లేని అక్రిలిక్ వార్నిష్ రెండు పలచటి కోట్లు వేయండి. మెరిసేది వేస్తే ట్యూబ్‌లైట్లు గోడలో కనిపిస్తాయి, బొమ్మ కనిపించదు. చెక్కకు వేసే వార్నిష్ ఎవరు చెప్పినా వేయొద్దు, పసుపెక్కిపోతుంది.

11. అప్పగింత

గోడకు రెండడుగుల ముందు స్టీల్ రెయిలింగ్ పెట్టించండి. పక్కనే పెద్ద నోటీసు బోర్డు ఒకటి పెట్టించండి. లేకపోతే నోటీసులన్నీ మీ బొమ్మకే అంటుకుంటాయి.

ఆఫీసుకు ఇవ్వాల్సిన ఫైల్లో:

- వాడిన ప్రతి రంగు పేరు, నంబరు, దాని మచ్చు వేసిన అట్ట
- ఒక్కో రంగు పావు లీటరు, సీసాల్లో, పేరు రాసి
- వెలుతురులో తీసిన ఫొటోలు, గళ్లతో సహా
- ఒప్పందం, ఉత్తర్వు కాపీలు
- శుభ్రం చేసే పద్ధతి: మెత్తటి పొడి గుడ్డతో దులపడమే, ఫినాయిల్, సబ్బు నీళ్లు వద్దు

శుభ్రం చేసే పద్ధతిని ఫైల్లో పెట్టి వదిలేయకండి. రోజూ హాలు తుడిచే అమ్మను పిలిచి చూపించండి. గోడకు నిజంగా కాపలా ఉండేది ఆమే.

12. తరవాత వచ్చే ఇబ్బందులు

*బుడగలు, పెచ్చులు:* మీద రంగు పూసి కప్పేయకండి. మళ్లీ ప్లాస్టిక్ షీట్ పరీక్ష చేయండి. నీరు ఆగాక ఆ ముక్క గోకి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టండి.

*కిళ్లీ, కుంకుమ మరక:* తడిగుడ్డతో అద్దండి, రుద్దకండి. పోకపోతే ఆ ఆకారం మొత్తానికి, అంచు నుంచి అంచుకు, దాచిన రంగుతో మళ్లీ వేసి వార్నిష్ పూయండి. మచ్చ మేర మాత్రమే వేస్తే అతుకు తెలుస్తుంది.

*మేకు రంధ్రం:* అక్రిలిక్ లప్పంతో నింపి, ఆరాక ప్రైమర్ చుక్క పెట్టి, సన్న కుంచెతో రంగు వేయండి.

*రంగు వెలిసిపోవడం:* కిటికీ దగ్గర మాత్రమే అయితే ముందు తెర కట్టించండి, రంగు తరవాత.

*కొత్త వైరింగ్:* ఎలక్ట్రీషియన్ గోడ చీల్చే ముందు మీకు ఫోన్ చేయాలని ఫైలు మొదటి పేజీలోనే రాయించండి. బొమ్మ కింది 4 అడుగుల పట్టీలోంచి కేసింగ్ పైపు వేసుకుంటే గోడ కొట్టాల్సిన పనే లేదు.

మొదటి ఏడాది నవంబరులో, వానలు గట్టిగా పడిన వారంలో, ఒకసారి వెళ్లి గోడ కింది అంచు చేత్తో తడిమి చూడండి.